గుండెది కాదమ్మా తప్పు!

పోయిన వేసవిలో వడియాలు పెట్టడానికి పిండి గిన్నె పట్టుకుని డాబా ఎక్కాను. ఉన్నవి పద్దెనిమిది మెట్లే. సగంలోనే ఆయాసం వచ్చేసింది. పైకి చేరేసరికి గుండె దడదడా కొట్టుకుంటోంది, కళ్ళు బైర్లు కమ్మాయి. గిన్నె కింద పెట్టి పిట్టగోడ పట్టుకుని కూలబడ్డాను. "ఎండదెబ్బేమోనే, కాస్త మజ్జిగ తాగు" అన్నారు మా అత్తగారు. నేను మాత్రం గుండెజబ్బే వచ్చిందని ఖాయం చేసేసుకున్నాను.

మర్నాడు మావారు ఆస్పత్రికి తీసుకెళ్ళారు. డాక్టరమ్మ గుండె విని, ఈసీజీ తీయించి, నా కింది కనురెప్ప లాగి చూశారు. గోళ్ళు చూశారు. "నెలసరి ఎలా వస్తోందమ్మా?" అనడిగారు. గుండె కోసం వస్తే ఈ ప్రశ్నేమిటా అనుకున్నాను. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 7.8 ఉంది. కడుపుతో లేని ఆడవాళ్ళకి 12కి తగ్గకూడదుట. "గుండెది కాదమ్మా తప్పు. పాపం, అది మిగతావాళ్ళ పని కూడా తన నెత్తిన వేసుకుంది" అన్నారావిడ.

నేనూ ఇంటర్లో బైపీసీ చదివినదాన్నే. జీర్ణవ్యవస్థ ఒక పాఠం, శ్వాసవ్యవస్థ ఇంకో పాఠం, రక్తప్రసరణ మరో పాఠం. దేనికదే బట్టీపట్టి రాసేశాం. ఒంట్లో మాత్రం అవన్నీ ఒకే ఇంట్లో ఉంటాయని ఇన్నేళ్ళకి బోధపడింది. అదెలాగో నాకు అర్థమైనట్టు చెబుతాను, వినండి.

మనం పీల్చిన గాలిలోంచి ప్రాణవాయువుని ఊపిరితిత్తులు రక్తానికి అందిస్తాయి. దాన్ని ఒళ్ళంతా మోసుకెళ్ళేది ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్. అది తయారవ్వాలంటే ఇనుము కావాలి. ఆ ఇనుము మనం తిన్న తిండిలోంచి చిన్నపేగు మొదట్లో రక్తంలోకి చేరి, ఎముకల లోపలి మూలుగకి వెడుతుంది. కణాలు తయారయ్యేది అక్కడే. ఒక్కో ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. ముసలివైన కణాల్లోని ఇనుముని శరీరం పారెయ్యదు, పాత చీరలతో బొంత కుట్టినట్టు మళ్ళీ వాడుకుంటుంది. కానీ రక్తమే బయటికి పోతే ఇనుమూ దాంతోపాటే పోతుంది కదా!

నా సంగతి అదే. రెండేళ్ళుగా నెలసరి ఎనిమిది తొమ్మిది రోజులు, గడ్డలు గడ్డలుగా అయ్యేది. ఈ వయసులో మామూలేలే అని ఎవరికీ చెప్పలేదు. ఎర్రకణాలు తగ్గితే ప్రాణవాయువు చాలడం లేదని ముందు పసిగట్టేది మూత్రపిండాలట. "ఇంకా కణాలు చెయ్యి" అని ఒక హార్మోను ద్వారా మూలుగకి కబురు పంపుతాయి. ఇనుము లేకపోతే మూలుగ మాత్రం ఏం చేస్తుంది? పిండి లేకుండా రొట్టెలు చెయ్యమన్నట్టే. అప్పుడు ఉన్న కొద్దిపాటి రక్తాన్నే గుండె గబగబా తిప్పుతుంది, ఊపిరి వేగం పెరుగుతుంది. మెదడుకీ గుండెకీ లోటు రాకుండా చర్మానికి పంపే రక్తం తగ్గుతుంది. అందుకే మొహం పాలిపోవడం, చేతులూ కాళ్ళూ చల్లబడటం.

ఇంకో సంగతి చెబితే నవ్వుతారేమో. బియ్యం ఏరుతూ గుప్పెడు పచ్చిబియ్యం నమిలేదాన్ని. కొందరు బలపాలు తింటారు చూడండి, అలాగ. అది కూడా ఇనుము తగ్గినవాళ్ళలో కనిపించే గుర్తేనట.

స్కానింగులో గర్భసంచిలో చిన్న గడ్డలు కనిపించాయి. వాటికి వైద్యం, దాంతోపాటు ఇనుము మాత్రలు. మూడు నెలలకి 11.2కి వచ్చాను. ఒంట్లో నిల్వలు కూడా నిండాలి కాబట్టి డాక్టరమ్మ మాత్రలు ఆపనివ్వలేదు. మా అమ్మాయికీ పరీక్ష చేయిస్తే 10.4! చదువుకి బద్ధకిస్తోందని దాన్ని ఎన్నిసార్లు తిట్టానో. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

మనమొక్కళ్ళమే కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అంటే నూటికి సగం మంది పైనే. ఒంట్లో ఒకరికి తక్కువైతే మిగతావాళ్ళు కిమ్మనకుండా సర్దుకుంటారు, అచ్చం మనలాగే. అలా సర్దుకోవడమే మనల్ని మోసం చేస్తుంది. అలసటని ఓపికతో కప్పెయ్యకండి. నలుగురికీ పెట్టి మిగిలిందేదో తినే అలవాటు మానండి. గంటకీ రెండు గంటలకీ బట్ట మార్చాల్సి వచ్చినా, వారం దాటినా, ముట్లుడిగాక మళ్ళీ కనిపించినా సిగ్గుపడకుండా డాక్టరుకి చెప్పండి.

వంటింట్లో గుర్తుంచుకోండి:

* తోటకూర, పప్పులు, మొలకెత్తిన పెసల్లో ఇనుము ఉన్నా, ఒంటికి పట్టేది కొద్దిగానే. పొయ్యి మీంచి దించాక నిమ్మరసం పిండితే బాగా పడుతుంది. జామకాయ, ఉసిరికాయ కూడా మంచివే.

* అన్నం తిన్న వెంటనే కాఫీ, టీ వద్దు. ఇనుముని పట్టనివ్వవు. గంటైనా ఆగండి.

* మాంసాహారులకి కార్జం, మాంసం, చేపల్లోని ఇనుము తేలిగ్గా పడుతుంది.

* ఇనుప మూకుట్లో పులుసు కాస్తే కొంత ఇనుము అందులోకి దిగుతుంది. ఉడకగానే వేరే గిన్నెలోకి తీసెయ్యండి.

* ఇనుము మాత్ర పాలతో గానీ, కాల్షియం మాత్రతో గానీ కలిపి వేసుకోకండి. విరోచనం నల్లగా అయితే కంగారుపడకండి, అది మాత్ర రంగే. రక్తహీనతలన్నీ ఇనుము లోపం వల్ల రావు, బి12 తగ్గినా వస్తుంది. కాబట్టి పరీక్ష చేయించుకోకుండా మాత్రలు కొనుక్కోవద్దు.

ఈ ఏడాది కూడా వడియాలు పెట్టాను. పద్దెనిమిది మెట్లూ ఆగకుండా ఎక్కాను. పిండి గిన్నె మాత్రం మా అమ్మాయి పట్టుకుంది.