శాలలో ఎనిమిది హెలికాప్టర్లు

ఇంగ్లండు దక్షిణ భాగాన విల్ట్‌షైర్ ప్రాంతంలో బోస్కోంబ్ డౌన్ అనే విమాన పరీక్షా కేంద్రం ఉన్నది. ఈ శతాబ్ది తొలి దశకంలో కొన్నేళ్ళ పాటు అక్కడి శాలలలో సరికొత్త చినూక్ హెలికాప్టర్లు కదలక మెదలక నిలిచి ఉండేవి. అవి పాతబడి మూలపడినవి కావు; శత్రువు చేతిలో దెబ్బతిన్నవీ కావు. ప్రత్యేక దళాల కోసం బ్రిటిష్ ప్రభుత్వం కోరి చేయించుకున్న యంత్రాలు. అదే కాలంలో, వేలాది మైళ్ళ దూరాన, ఆఫ్ఘనిస్తాన్‌లోని హెల్మండ్ రాష్ట్రంలో బ్రిటిష్ సైనికులు హెలికాప్టర్లు చాలక మందుపాతరలు పొంచి ఉన్న బాటల వెంట ప్రయాణం చేస్తూ ఉండేవారు. ఈ రెండు దృశ్యాలకూ మధ్య ఉన్న సంబంధం ఒక కొనుగోలు ఒప్పందంలో వ్రాయని షరతు.

పరదేశంలో యుద్ధం చేసే సైన్యానికి హెలికాప్టరు ఆడంబరం కాదు. తిండి, నీరు, తుపాకీ గుండ్లు మోసేది అదే. గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చేదీ అదే. చినూక్‌కు రెండు పెద్ద రెక్కల చక్రాలు ఉంటవి. సుమారు పది టన్నుల బరువునో, నలభై మందికి పైగా సైనికులనో అది మోయగలదు. ఎత్తయిన ప్రదేశాలలో, మండుటెండలో గాలి పలుచబడి ఏ హెలికాప్టరుకైనా బలం తగ్గుతుంది. బ్రిటిష్ వారి చిన్న హెలికాప్టరు లింక్స్ పాత ఇంజన్లతో ఆఫ్ఘన్ వేసవి పగటి వేళల్లో పనికిరాకుండా పోయినది. అందువల్ల భారమంతా చినూక్‌ల మీదనే పడినది.

ఇక్కడ పాఠకుడు గమనించవలసిన లెక్క ఒకటి ఉన్నది. పట్టీలో ఉన్న హెలికాప్టర్లన్నీ యుద్ధరంగంలో ఉండవు. కొన్ని విప్పదీసి మరమ్మతులో ఉంటవి. కొన్ని కొత్త పైలట్ల శిక్షణకు కావాలి. కొన్ని స్వదేశంలోని అవసరాలకు కావాలి. రంగంలో ఉన్నవాటిలోనూ ప్రతి ఉదయం ఎగరగలిగేవి కొన్నే. ఇసుక ధూళి ఇంజన్లను అరగదీస్తుంది. విడిభాగాలు దూరం నుండి రావాలి. పైలట్లకు, మెకానిక్కులకు విశ్రాంతి కావాలి. బ్రిటన్ పద్దులో 48 చినూక్‌లు ఉండగా 2006లో హెల్మండ్‌కు తొలి దళాలతో పోయినవి ఆరు మాత్రమే. ఆ నలభై ఎనిమిదిలో ఎనిమిది అసలు లెక్కకు రానివి.

ఆ ఎనిమిదింటి కథ 1995లో మొదలయినది. ఆ సంవత్సరం బ్రిటిష్ రక్షణ శాఖ బోయింగ్ సంస్థ నుండి 14 చినూక్‌లు కొనడానికి ఒప్పుకున్నది. వాటిలో ఆరు మామూలు రకం. అవి సక్రమంగా సేవలో చేరినవి. మిగిలిన ఎనిమిదీ మార్క్ 3 అనే ప్రత్యేక రకం. చీకటిలో, నేలకు తాకుతున్నంత దిగువగా, బహుదూరం పోగలిగేటట్లు వాటిని ఉద్దేశించినారు. ఇంధనపు తొట్లు పెద్దవి చేయించినారు. పైలట్ ముందుండే పరికరాల విషయంలో మాత్రం డబ్బు చాలలేదు. పూర్తిగా నూతన పద్ధతి పరికరాలు అమర్చడానికి బదులు పాతవీ కొత్తవీ కలగలిపినారు. అటువంటి సమ్మేళనం ప్రపంచంలో మరి ఏ చినూక్‌లోనూ లేదు.

2001లో యంత్రాలు చేతికి వచ్చినవి. ఎగరడానికి అర్హత పత్రం ఇవ్వవలసిన అధికారులు, ఈ పరికరాలను నడిపే సాఫ్ట్‌వేర్ సురక్షితమైనదని రుజువు చూపమన్నారు. రుజువు లేదు. బ్రిటిష్ ప్రమాణాల ప్రకారం ఆ సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించడానికి కావలసిన పత్రాలు సమకూర్చాలన్న షరతు ఒప్పందంలోనే లేదు. ఏనుగును కొని అంకుశం మాట మరచిన చందంగా ఉన్నది వ్యవహారం. చివరకు అధికారులు ఇచ్చిన అనుమతి ఏమిటంటే, ఈ హెలికాప్టర్లు 500 అడుగులకు పైన, నిర్మలమైన వాతావరణంలో, పైలట్ నేలమీది గుర్తులు చూసుకుంటూ నడపవచ్చునని. రాత్రివేళ శత్రువు కంటబడకుండా నేలబారుగా పోవలసిన యంత్రానికి ఇది ఎంత విడ్డూరమైన అనుమతియో చెప్పనక్కరలేదు.

అయితే అధికారులది చాదస్తమని తేల్చివేయడం న్యాయం కాదు. 1994 జూన్ 2న స్కాట్లండులోని మల్ ఆఫ్ కింటైర్ వద్ద ఒక చినూక్ కొండను ఢీకొని, అందులోని 29 మందీ మరణించినారు. 1995లో నేరం పైలట్లపై మోపబడినది. ఇంజన్లను అదుపు చేసే సాఫ్ట్‌వేర్ నమ్మదగినదేనా అన్న వివాదం ఏళ్ళ తరబడి సాగినది. 2011లో జరిగిన పునర్విచారణ పైలట్లను నిర్దోషులుగా ప్రకటించినది. ప్రమాదానికి అసలు కారణం మాత్రం తేలలేదు. యంత్రం లోపల ఏమి జరుగుతున్నదో తెలియకుండా మనుషులను ఎక్కించరాదన్న నియమం ఊరికే పుట్టినది కాదు. లోపం ఆ నియమాన్ని పాటించినవారిది కాదు. కొనుగోలు నాడే దానిని గుర్తు చేసుకోనివారిది.

2004లో బ్రిటన్ జాతీయ ఆడిట్ కార్యాలయం ఈ సంగతిని బయట పెట్టినది. యుద్ధరంగంలో కావలసిన హెలికాప్టరు రవాణా శక్తిలో 38 శాతం లోటు ఉన్నదని అదే నివేదికలో పేర్కొన్నది. 2007 మార్చిలో ప్రభుత్వం ఒక నిర్ణయానికి వచ్చినది: ఖరీదయిన ఆ కొత్త పరికరాలను తొలగించి, మామూలు చినూక్‌ల పరికరాలనే అమర్చడం. మొదట 25 కోట్ల 90 లక్షల పౌన్లుగా వేసుకున్న ఖర్చు 42 కోట్ల 20 లక్షలు మించగలదని 2008లో ఆడిట్ కార్యాలయం అంచనా కట్టినది. ఆధునికం చేయబోయి అధికంగా చెల్లించి, తిరిగి పాతదానికే వచ్చినారన్నమాట. ఆ హెలికాప్టర్లు సేవలో ప్రవేశించడం 2010లో మొదలయినది.

ఈ మధ్యకాలపు మూల్యం పౌన్లలో తెలిసేది కాదు. 2009 వేసవిలో హెల్మండ్‌లో పోరు ముమ్మరమయినది. వెల్ష్ గార్డ్స్ పటాలం అధిపతి లెఫ్టినెంట్ కర్నల్ రూపర్ట్ థోర్న్‌లో జూన్ నెలలో పై అధికారులకు వ్రాస్తూ, హెలికాప్టర్లు చాలనందున రోడ్డు ప్రయాణాలు తప్పడం లేదనీ, అందువల్ల మందుపాతరల ప్రమాదం పెరుగుతున్నదనీ తెలియజేసినాడు. జూలై 1న ఆయన ప్రయాణిస్తున్న కవచ వాహనం కింద మందుపాతర పేలినది. ఆయనతో పాటు మరొక యువ సైనికుడు కూడా అసువులు బాసినాడు. ఆ ఒక్క నెలలోనే ఇరవై మందికి పైగా బ్రిటిష్ సైనికులు ఆఫ్ఘన్ నేలపై మరణించినారు.

పార్లమెంటులో పెద్ద దుమారం లేచినది. ఈ మరణాలకు హెలికాప్టర్ల కొరత కారణం కాదని ప్రధాని గోర్డన్ బ్రౌన్ వాదించినాడు. ఆ వాదనలో కొంత నిజం లేకపోలేదు. గ్రామాలను కాపాడదలచిన సైనికుడు ఏదో ఒక వేళ నేలమీద నడవక తప్పదు. కాని నడవవలసి వచ్చినప్పుడు నడవడం వేరు, వేరు దారి లేక నడవడం వేరు. కమాండరుకు ఆ ఎంపిక ఉండాలంటే హెలికాప్టరు ఉండాలి. డెన్మార్క్ దగ్గర అప్పటికే ఉన్న ఆరు మెర్లిన్ హెలికాప్టర్లను బ్రిటన్ 2007లోనే కొనడం, లింక్స్‌లకు బలమయిన ఇంజన్లు తొడిగించడం ఈ అవసరాన్ని ప్రభుత్వమూ గుర్తించినదనడానికి నిదర్శనాలు. 2011లో మరి 14 చినూక్‌లకు ఆర్డరు ఇచ్చినారు. అవి పూర్తిగా అందేసరికి ఆఫ్ఘనిస్తాన్‌లో బ్రిటిష్ దళాల పోరు ముగిసిపోయినది.

మన దేశానికి ఈ ప్రశ్న పరాయిది కాదు. కాంగోలో ఐక్యరాజ్యసమితి శాంతిదళానికి భారత వైమానిక దళం దాడి హెలికాప్టర్లను పంపినది. స్వదేశంలో అవసరమని 2011లో వాటిని వెనక్కు పిలిపించుకున్నది. ఒకే యంత్రం రెండు చోట్ల ఉండజాలదు. 2015లో మన ప్రభుత్వం 15 చినూక్‌లకు ఒప్పందం చేసుకోగా, 2019 మార్చిలో చండీగఢ్‌లో అవి సేవలో ప్రవేశించినవి.

హెలికాప్టర్లు ఎన్ని కొన్నారని పార్లమెంటు సభ్యులు అడుగుతారు; పత్రికలూ అడుగుతవి. రేపు ఉదయం ఎన్ని ఎగరగలవని అడిగేవాడు మాత్రం వాటికోసం ఎదురుచూస్తున్న సైనికుడు. ఒప్పందం వ్రాసేవారు ఆ ప్రశ్నను అతనికంటె ముందు తామే అడుగుకొనవలసి ఉన్నది.