మెతుకు కోసం మోసిన రాళ్లు

ఆదివారం మధ్యాహ్నం మెదక్ చర్చి ఆవరణలో ఒక దృశ్యం తప్పకుండా కనిపిస్తుంది. హైదరాబాద్ నుంచి వంద కిలోమీటర్లు కారు నడుపుకుంటూ వచ్చిన ఇంటాయన, భార్యాపిల్లల్ని మెట్ల ముందు నిలబెట్టి, ఫోన్ పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తుంటాడు. 175 అడుగుల గోపురం ఒక పట్టాన ఫొటోలో ఇమడదు. మోకాళ్ల మీద కూర్చుంటాడు, ఫోన్ తలకిందులు చేస్తాడు, చివరికి కొస తెగిపోయిన గోపురంతోనే సరిపెట్టుకుంటాడు. లోపల రంగు అద్దాల కిటికీల కింద మరో పది ఫొటోలు. "కరువులో జనానికి పని చూపించడానికి కట్టించారట" అంటారెవరో. "అవునా" అంటారు ఇంకొకరు. ఆ 'అట' దగ్గరే కరువు కథ అయిపోతుంది. ఆ తర్వాత ఏడుపాయల గుడికి దారెటు, భోజనం ఎక్కడ అన్నదే చర్చ.

ఆ 'అట' వెనక పదేళ్లున్నాయి. వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ 1895లో సికింద్రాబాద్ వచ్చాడు. బ్రిటిష్ సైనికుల మధ్య ప్రార్థనలు చేయించే ఉద్యోగం ఆయనకు ఆనలేదు. గుర్రమెక్కి మెదక్ దారి పట్టాడు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. దాని వెంటే కరువు. ఊరికే దానం చేయడం కన్నా పని ఇచ్చి కూడు పెట్టడం మేలని ఆయన తలచాడు. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన ఆడామగా రాళ్లెత్తారు, తట్టలు మోశారు, సాయంత్రానికి కడుపులోకి ఇంత పడింది. అలా పదేళ్లపాటు లేచిన కట్టడాన్ని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, ఐదు వేల మంది పట్టే ప్రార్థనా మందిరం. 'పనికి ఆహారం' అన్న పథకం 1977లో మన ప్రభుత్వ కాగితాల్లోకి ఎక్కడానికి అరవై ఏళ్ల ముందే ఇక్కడ అది నడిచింది.

ఊరి పేరే ఈ కథను మరింత పదునెక్కిస్తుంది. మెదక్ అన్నది మెతుకు నుంచి వచ్చిందని ఇక్కడి వాళ్ల నమ్మకం. సన్న వడ్లు విరగపండే నేల కాబట్టి మెతుకు సీమ. పద్య సభల్లో, రాజకీయ సభల్లో ఈ మాట వినపడని రోజుండదు. ఆ మెతుకు సీమలోనే మెతుకు కోసం మనుషులు రాళ్లు మోశారన్న సంగతి మాత్రం సభల్లో ఎవరూ ఎత్తరు.

విషాదాన్ని పర్యాటక స్థలంగా మార్చడం మర్యాదేనా అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా వేళ్లు టైటానిక్ వైపే చూపిస్తాయి. 1912లో పదిహేను వందల మందికి పైగా ప్రాణాలు పోయిన ఆ ఓడ, అమెరికాలో పిల్లల పార్టీలకు అద్దెకిచ్చే గాలి బొమ్మగా మారింది. మునిగిపోతున్న ఓడ ఆకారం, పైకి లేచిన వెనక భాగం మీంచి పిల్లలు జర్రున జారతారు. చైనాలోని సిచువాన్‌లో ఒక సంస్థ అసలు కొలతలతోనే టైటానిక్ కడతానంది. మంచుకొండను గుద్దుకున్న అనుభూతి కూడా కల్పిస్తామని మొదట్లో చెప్పుకుంది. నలుగురూ ఛీకొట్టాక ఆ ముచ్చట మానుకుంది. వెక్కిరింత ఇంత బాహాటంగా ఉన్నప్పుడు తీర్పు చెప్పడం సులువు. జారుడుబల్ల తప్పని చెప్పడానికి పెద్ద మనసేమీ అక్కర్లేదు.

చిక్కంతా ఇంతకంటే సున్నితమైన చోట్ల వస్తుంది. జలియన్‌వాలా బాగ్‌నే తీసుకోండి. 1919 ఏప్రిల్ 13న జనరల్ డయ్యర్ సైనికులు ఏ ఇరుకు సందులోంచి లోపలికి వచ్చారో, ఆ సందు గోడల మీద 2021 మరమ్మతుల్లో నవ్వుతూ నడిచే మనుషుల శిల్పాలు వెలిశాయి. సాయంత్రం లేజర్ వెలుగులు, స్పీకర్ల మోత. కట్టినవారి ఉద్దేశం అవమానించడం కాదు, నివాళి ఇవ్వడమే. కానీ ఆ సందులో భయం పుట్టించింది ఇరుకు, ఏ బొమ్మా లేని మొండిగోడలు. వాటిని అలంకరించడంతో ఆ భయం కాస్తా పోయింది. చరిత్రకారులు మొత్తుకున్నది అందుకే.

మెదక్‌లో జరిగింది మరో రకం. ఇక్కడ ఎవరూ కరువును ఆటబొమ్మ చేయలేదు. అందంగా ఉన్న కట్టడం దాన్ని తన నీడలోకి తీసుకుంది, అంతే. ఇది మెదక్‌కు మాత్రమే పట్టిన జాడ్యం కాదు. లక్నోలో బడా ఇమాంబాడా 1784 కరువులో నవాబు అసఫ్ ఉద్ దౌలా జనానికి పని కల్పించడానికి మొదలుపెట్టినదే. నేటి సందర్శకులు అక్కడికి వెళ్లేది భూల్‌భులయ్యాలో దారి తప్పి నవ్వుకోవడానికి. జోధ్‌పూర్ ఉమైద్ భవన్ 1929లో కరువు పనిగా మొదలై 1943కు పూర్తయింది. అందులో ఒక భాగం ఇప్పుడు, సామాన్యుడు అద్దె ఎంతని అడగడానికే జంకే హోటలు. మన కోస్తా వెంట సాగే బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం 1877-78 కరువు కూలీలు తవ్వినది. దానికి పేరు మాత్రం గవర్నరుది. మెదక్‌లోనూ పోస్నెట్ పేరు స్కూలు పిల్లాడైనా చెబుతాడు. రాయి మోసిన వాళ్లలో ఒక్కరి పేరు చెప్పమంటే పెద్దవాళ్లూ తడుముకుంటారు.

మౌనానికి మొహమాటం కూడా ఒక కారణం. మిషన్ పంచన చేరిన కుటుంబాల్లో మాల, మాదిగ కుటుంబాలే ఎక్కువ. గంజి పోసి మతం మార్చారని ఒక పక్షం అంటుంది. అంతకుముందు వాళ్ల గిన్నెలో గంజి పోసిందెవరని రెండో పక్షం అడుగుతుంది. అడగాల్సిన ప్రశ్నే. అయితే ఈ తగాదాలో ఆకలిగొన్న మనిషిని ఇద్దరూ సాక్షిగా పిలుస్తారు, ఇద్దరూ నోరు విప్పనివ్వరు. అందుకే పర్యాటక ప్రచారానికి కిటికీ అద్దాల రంగులు, గోపురం ఎత్తు, విదేశాల నుంచి తెప్పించిన నేల పలకలు క్షేమకరమైన విషయాలయ్యాయి. అవి ఎవరినీ నొప్పించవు.

ఈ క్షేమం ఎక్కువ కాలం నిలవకపోవచ్చు. 2022లో మెదక్‌కు రైలు వచ్చింది. 2024 డిసెంబరు 25న చర్చి నూరేళ్ల వేడుకకు ముఖ్యమంత్రే వచ్చారు. జనం పెరుగుతున్న చోటికి రేపో మాపో ఏ కన్సల్టెంటో స్లైడ్లు పట్టుకుని దిగుతాడు. రాత్రిపూట గోడ మీద లేజర్ కరువు, స్పీకర్లో పసిపిల్లల ఏడుపు, తట్ట నెత్తిన పెట్టుకుని ఫొటో దిగడానికో మూల, మట్టి ముంతలో నూట యాభై రూపాయల గంజి. నవ్వొస్తుంది గానీ, ఇలాంటివి కట్టినవాళ్లెవరూ మొదట్లో దీన్ని జోకు అనుకోలేదు. జొన్న గట్క, అంబలి తాగి పెరిగిన ముసలమ్మ ఆ కౌంటర్ ముందు నిలబడితే ఏమంటుందో ఊహించుకుంటే చాలు, ఆ స్లైడ్లు మూసేయొచ్చు.

అలాగని పర్యాటకులే రాకూడదనడం చేతకాని మాట. విశాఖ బీచ్‌లో కురుసుర జలాంతర్గామి 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉంది. టికెట్ కొని లోపలికి దిగిన పిల్లలకు ఇరుకు బంకులు, పైపులు చూపించి వివరించేది నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లు. అదే తీరానికి కొంత దూరంలో 1971 డిసెంబరులో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ, అందులోని 93 మంది ప్రాణాలు బలిగొని, ఇంకా నీటి అడుగునే ఉంది. అటువంటి ఇనుప గొట్టంలో బతికినవాడు చెప్పేటప్పుడు ఆ మాటకు ఒక బరువుంటుంది. సిద్దిపేట జిల్లా బైరాన్‌పల్లి బురుజు సంగతీ అంతే. 1948 ఆగస్టు 27న రజాకార్లు, నిజాం సైన్యం కలిసి ఊరి మీద పడి పదుల మందిని చంపేశారు. ఊరి వాళ్లు పైనుంచి ఎదురు నిలిచిన ఆ బురుజు ఇప్పటికీ ఉంది. దాని కింద నిలబడి ఆ ఊరి పెద్దాయన చెబితే వినడానికీ, అద్దెకు తెచ్చిన గొంతు స్పీకర్లో చెబితే వినడానికీ తేడా వినేవాడికి తెలుస్తుంది.

టికెట్ పెట్టాలా, వద్దా అన్న వాదన కంటే ముందు తేలాల్సింది ఆ బాధ ఎవరి ఇంటిదన్నది. టైటానిక్‌కు ఇప్పుడు ఇంటివాళ్లు దూరమయ్యారు కాబట్టి ఎవడైనా గాలి బొమ్మ చేసుకోగలిగాడు. మెదక్ కరువుకు ఇంటివాళ్లు ఇంకా ఉన్నారు. రాళ్లు మోసినవాళ్ల మనవలు, మునిమనవలు చుట్టుపక్కల పల్లెల్లోనే ఉన్నారు. క్రిస్మస్‌కు, గుడ్ ఫ్రైడేకు ట్రాక్టర్లలో, ఆటోల్లో ఇదే ఆవరణకు వస్తారు, కొవ్వొత్తి వెలిగించి పోతారు. కెమెరాల వాళ్లు వాళ్లను దాటుకుని వెళ్లి గోపురాన్ని ఫొటో తీసుకుంటారు. చర్చిలో కరువు గురించి ఒక బోర్డు పెట్టాలన్నా, ఒక గది కేటాయించాలన్నా, ఏటా ఒక రోజు అందరూ కూర్చుని గంజి తాగాలన్నా, వద్దనుకున్నా ఆ మాట వాళ్ల నోటి నుంచి రావాలి. పర్యాటక శాఖ వాళ్లను అడిగి చేస్తే అది జ్ఞాపకం. అడక్కుండా చేస్తే అదే గంజి సరుకైపోతుంది.

ఇందులో తొందరపడాల్సిన పని ఒకటుంది. ఆ పదేళ్లు తట్టలు మోసినవాళ్లు లేరు. వాళ్ల కొడుకులు, కూతుళ్లలో మిగిలినవాళ్లు ఎనభై, తొంభై ఏళ్లకు వచ్చారు. అమ్మ ఏ రాయి మోసిందో, నాయన కూలి కింద ఏ గింజ తెచ్చాడో, ఏ ఊరి నుంచి ఎంత దూరం నడిచారో చిన్నప్పుడు విన్న మాటలు వాళ్ల దగ్గరే ఉన్నాయి. వాటిని రికార్డు చేయడానికి మంచంపక్కన కూర్చునే ఓపిక, ఒక ఫోన్ ఉంటే సరిపోతుంది. ఆదివారం మధ్యాహ్నం చర్చి ఆవరణలో ఫోన్లకు కొదవ లేదు.