పొరుగువాని పతనము మనకు పండుగయా?

తన పక్షము గెలువవలెనని కోరుట ఆటకు ప్రాణము. ఎదుటి పక్షము నశింపవలెనని కోరుట ఆటకు పట్టిన రోగము. ఈ రెంటికిని నడుమ నుండవలసిన గట్టును కాలిబంతి యాట నభిమానించువారు నానాటికి త్రవ్వివేయుచున్నారని మేము తలంచుచున్నాము. ఇందులకు దృష్టాంతముగా ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరమును గైకొందము. అచట రెండు ప్రసిద్ధమైన క్లబ్బులు గలవు. ఎఱ్ఱ యంగీలు ధరించునది లివర్‌పూల్. నీలి యంగీలు ధరించునది ఎవర్టన్. లివర్‌పూల్ పక్షమువారు నలుగురు కూడినచోట తమ క్లబ్బు మాట ముగియకమున్నే పొరుగు క్లబ్బు మాట యెత్తుదురు. ఎవర్టన్ క్రింది తరగతికి జాఱునా, దాని క్రొత్త క్రీడాంగణము దానికి అచ్చివచ్చునా యనునవి కొన్ని సంవత్సరముల పాటు వారికి తనివితీరని ముచ్చటలయ్యెను. మన తెలుగు పట్టణములలో ఫోనులందు ఆ యాటలను చూచు యువకులును ఆ ముచ్చటనే, ఆ వెక్కిరింతనే అలవరచుకొనుచున్నారు. కావున ఈ విషయము మనకు బొత్తిగా పరాయిది కాదు.

ఆ దేశపు ప్రీమియర్ లీగులో 20 క్లబ్బులు గలవు. ఒక్కొక్కటి 38 ఆటలాడిన పిమ్మట అడుగున నిలిచిన మూడింటిని క్రింది తరగతికి దింపివేయుదురు. దీనినే రెలిగేషన్ అందురు. ఇది పరువునకు మాత్రమే తగులు దెబ్బ కాదు. ప్రసారముల వలన వచ్చు ధనము ఒక్కుమ్మడిగా తగ్గును. మేటి యాటగాండ్రు విడిచిపోవుదురు. టిక్కెట్లమ్మువారు, లెక్కలు వ్రాయువారు, వంటశాలలో పాటుపడువారు తమ కొలువు నిలుచునో నిలువదో యని దిగులుపడుదురు. 1954 నుండి ఎడతెగక పై తరగతిలో నున్న ఎవర్టనుకు ఈ గండము ఇటీవల వరుసగా వచ్చెను. 2022 మే 19న క్రిస్టల్ ప్యాలెస్ పక్షముతో ఆడుచు, మొదట రెండు గోలులు వెనుకబడి, తుదకు 3-2 లెక్కతో గెలిచి బయటపడెను. 2023 మే 28న, ఆటల కాలము ముగియు దినముననే, బోర్న్‌మత్ పక్షముపై వేసిన ఒకే యొక్క గోలుతో గట్టెక్కెను. మఱుసటి కాలమున ఆటలోని లోపము చాలదన్నట్లు లెక్కలలోని లోపము వచ్చి మీదపడెను. మూడేండ్లకు 10 కోట్ల 50 లక్షల పౌండ్లకు మించి నష్టపోరాదను నియమమును 1 కోటి 95 లక్షల పౌండ్ల మేరకు మీఱినదని తీర్మానించి, 2023 నవంబరులో 10 పాయింట్లు తగ్గించిరి. అప్పీలు మీద 2024 ఫిబ్రవరిలో దానిని 6 చేసిరి. ఏప్రిలులో మఱి 2 తీసివేసిరి.

ఇదియంతయు జరుగుచున్నపుడే మెర్సీ నది యొడ్డున, 1848లో తెఱచిన బ్రామ్లీ-మూర్ డాకు స్థలములో, 52 వేలకు పైగా జనము పట్టు క్రొత్త క్రీడాంగణము లేచుచుండెను. దానికై తెచ్చిన ఋణముల వడ్డీని ఏ పద్దులో వ్రాయవలెనన్న తగవు ఆ విచారణలలో నలిగినది కూడ. ఇంతకన్న ఎగతాళికి వేఱు సాధనమేల? పాతదగు గూడిసన్ పార్కును చూచి దాని కొయ్య కుర్చీలను, చూపునకు అడ్డు నిలుచు స్తంభములను వెక్కిరించిరి. క్రొత్తదానిని చూచి, అందులో రెండవ తరగతి యాటలే జరుగునని నవ్విరి. పాతదైనను తప్పే, క్రొత్తదైనను తప్పే యనువానికి మైదానముతో పనిలేదు. పొరుగువాని దుఃఖముతోనే పని.

దీనికి వారు చెప్పు సమాధానము మేమెఱుగుదుము. ఇది వినోదము మాత్రమే. వారు మమ్ము వెక్కిరింపరా. 2024 ఏప్రిల్ 24న గూడిసన్ పార్కులో మమ్ము 2-0తో ఓడించి, లీగు కిరీటము మా చేజాఱుచున్నదని వారు ఎలుగెత్తి పాడలేదా యని అడుగుదురు. పాడిరి, పాడవచ్చును. గోలు వేసినవాడు గంతులు వేయక, వేయించుకొన్నవాడు తల వంచుకొనక తప్పదు. పరిహాసమును నిషేధింపవలెనని మేము కోరుటలేదు. పరిహాసము లేని ఆట ఉప్పులేని కూర. ఓడితివని నవ్వుట వేఱు, ఊడిపొమ్మని మ్రొక్కుట వేఱు. మొదటిది ఆటతో ముగియును. రెండవది మనుష్యుల బ్రతుకుతెరువును ముట్టును.

ఇక చరిత్రను చూడుడు. నేడు లివర్‌పూల్ వారికి పుణ్యక్షేత్రమైన ఆన్‌ఫీల్డు మైదానము ఎవరిది? 1884 నుండి 1892 వరకు అందులో ఆడినది ఎవర్టన్. 1891లో లీగు విజేతగా నిలిచినదియు అచటనే. జాన్ హౌల్డింగ్ అను సారాయి వర్తకునితో అద్దె మొదలగు విషయములలో తగవు పుట్టగా ఎవర్టన్ వారు లేచి, పార్కునకు ఆవలి ప్రక్కన గూడిసన్ కట్టుకొనిరి. ఖాళీయైన మైదానమునకై హౌల్డింగ్ పుట్టించిన క్లబ్బే లివర్‌పూల్. పొరుగువాడు ఖాళీ చేసిన యింట పుట్టినవాడు పొరుగువాని యింటిని చూచి నవ్వుట ఎంతటి వింత!

క్రింది తరగతి మాటయు నిట్టిదే. 1951లో దిగిపోయిన ఎవర్టన్ 1954లో పైకి రాగా, ఆ సంవత్సరమే లివర్‌పూల్ అడుగున నిలిచి దిగిపోయి, 1962 వరకు మరల మొదటి తరగతి ముఖము చూడలేదు. 2010 అక్టోబరులో యజమానుల యప్పులతో చితికిన లివర్‌పూల్ గూడిసన్‌లో 2-0తో ఓడి, 20 క్లబ్బులలో 19వ స్థానమున నిలిచెను. ఆ యజమానులు స్టాన్లీ పార్కులో కట్టింతుమని చెప్పిన క్రొత్త క్రీడాంగణము కట్టనే లేదు. ఓడలు బండ్లగుట, బండ్లు ఓడలగుట ఆ రేవుపట్టణము వారికి మనము నేర్పవలెనా?

అయినను మా ప్రధానమైన యాక్షేపణ ఇది కాదు. ఈ వెక్కిరింత తగులవలసిన వారికి తగులుట లేదు. ఎవర్టనులో ధనమును విచ్చలవిడిగా వెచ్చించి, మేనేజర్లను మాటిమాటికి మార్చినది యజమానులు. పాయింట్లు పోయినది అభిమానులకు. ఆ యజమాని 2024 డిసెంబరులో క్లబ్బును అమ్మి వెడలిపోయెను. అభిమాని ఎచటికి పోవును? తాత కూర్చున్న కుర్చీలో కూర్చున్న మనుమడు తన క్లబ్బును అమ్ముకొనజాలడు. ఇల్లు కాలి ఒకడేడ్చుచుండ చుట్టకు నిప్పడిగినట్లు అట్టివానిని చూచి నవ్వుటలో వీరత్వమేమున్నది? వీథిలో అభిమానులు ఒకరినొకరు ఎగతాళి చేసికొనుచున్నంతకాలము మేడమీద కూర్చున్నవారిని లెక్క అడుగువాడుండడు. ఇరుగుపొరుగుల కలహము యజమానులకు చేయు ఉపకారము ఇంతింత కాదు.

అభిమానులు కలసినపుడు ఏమగునో ఆ నగరమే చూపినది. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డులోని హిల్స్‌బరోలో జరిగిన త్రొక్కిసలాట వలన 97 మంది లివర్‌పూల్ అభిమానులు మరణించిరి. కొలది దినములకే గూడిసన్ నుండి ఆన్‌ఫీల్డు వరకు, పార్కునకు అడ్డముగా, ఎఱ్ఱవి నీలివి మెడపట్టీలు ముడివేసి తోరణము కట్టిరి. 2015 నుండి ఇరుపక్షములవారును కలసి, ఆటల దినమున ఆహారపదార్థములు ప్రోగుచేసి ఆకలిగొన్నవారికి పంచుచున్నారు. 2021 ఏప్రిలులో ధనిక క్లబ్బులు తమకు తామే యొక సూపర్ లీగు నేర్పరచుకొనబూనగా, అందు లివర్‌పూల్ యజమానులును చేరగా, ఎల్లపక్షముల యభిమానులు ఎదురు తిరిగిరి. రెండు దినములలో ఆరు ఇంగ్లీషు క్లబ్బులును వెనుకకు తగ్గెను. 2025లో బ్రిటిషు పార్లమెంటు చేసిన చట్టము ప్రకారము స్వతంత్రాధికారి యనుమతి లేక క్లబ్బు తన మైదానమును అమ్మరాదు, వేఱొకచోటికి తరలింపరాదు. వెక్కిరింతల వలన ఇట్టి చట్టములు పుట్టవు.

ఆ నగరపు పోరులో పక్షము వహించు మన యువకులకు ఒక్క మాట. 2022 మార్చి 20న ఇండియన్ సూపర్ లీగు కప్పు గెలిచిన హైదరాబాదు క్లబ్బు ఏమైనది? గచ్చిబౌలిలో ఆడిన ఆ క్లబ్బును 2025లో ఢిల్లీకి తరలించి, పేరు కూడ మార్చివేసిరి. దానిని ప్రేమించినవారి సమ్మతి నడిగి తీరవలెనను చట్టము మనకు లేదు. మెర్సీ యొడ్డున ఎవరి మైదానము గొప్పదని రాత్రులు వాదించుకొను మనవారిలో, తమ యూరి క్లబ్బు తరలిపోవునపుడు ఎందఱు నోరు విప్పిరో వారే లెక్కించుకొందురుగాక.

2025 మే 18న గూడిసన్‌లో ఎవర్టన్ పురుషుల పక్షము తుదియాట ఆడెను. ఇపుడచట స్త్రీల పక్షము ఆడుచున్నది. పార్కునకు ఈవల ఆన్‌ఫీల్డు నిలిచియేయున్నది. ఈ రెండును ఉన్నందుననే ఆ నగరపు పోరునకు రుచి. పొరుగు క్లబ్బు దిగిపోయిన నాడు ఎవరితో పోరాడుదురు? ఎవరిని గెలిచి గర్వింతురు? కావున అభిమానులారా, ఆటలో ఓడింపుడు, పాటలో పరిహసింపుడు. కాని పొరుగువాని యింటిపెంకులు రాలుచున్నపుడు చప్పట్లు చఱవక, పెంకులు లాగుచున్నవాడెవడో చూడుడు. రేపు వాడే మీ యింటి కప్పెక్కును.