ఆరేళ్లలోపు చదువు: ప్రమాణాలున్నాయి, బాధ్యులు లేరు

ఒకటో తరగతి గది ఎలా ఉండాలో, అందులో చదువు చెప్పేవారికి ఏ అర్హత ఉండాలో, ఎంతమంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడు ఉండాలో 2009 నాటి విద్యాహక్కు చట్టం నిర్దేశిస్తుంది. అదే ఆవరణలో, గోడకు అవతల నడిచే నర్సరీ తరగతికి మాత్రం ఆ చట్టంలోని ఈ ప్రమాణాలేవీ వర్తించవు. ఈ తేడా యాదృచ్ఛికంగా ఏర్పడింది కాదు. రాజ్యాంగం అమల్లోకి వచ్చిననాటి 45వ అధికరణం పద్నాలుగేళ్లు నిండేవరకు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించాలని చెప్పిందే తప్ప, కింది వయసుకు ఎక్కడా గిరి గీయలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రతివాదిగా నిలిచిన ఉన్నికృష్ణన్ కేసులో 1993లో సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ల వరకు విద్యను ప్రాథమిక హక్కుగా గుర్తించినప్పుడు కూడా ఆరేళ్లలోపు వారిని మినహాయించలేదు. ఆ పని 2002లో 86వ రాజ్యాంగ సవరణ చేసింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల వారికి 21ఎ అధికరణం కింద హక్కు దక్కగా, అంతకన్నా చిన్నవారి సంరక్షణకూ విద్యకూ రాజ్యం ప్రయత్నించాలన్న కొత్త 45వ అధికరణం, అంటే కోర్టుకెక్కి అడిగి సాధించుకోవడానికి వీల్లేని ఒక ఆదేశిక సూత్రం, మిగిలింది.

చట్టం ఖాళీగా వదిలిన ఈ చోటును విధాన పత్రాలూ మార్గదర్శకాలూ నింపుతూ వచ్చాయి. 2013లో కేంద్రం ఆమోదించిన పూర్వ బాల్య సంరక్షణ, విద్యా విధానం మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు 20 మందికి ఒకరు, మూడేళ్లలోపు వారైతే 10 మందికి ఒకరు చొప్పున చూసుకునేవారు ఉండాలని, 30 మంది పిల్లలకు కనీసం 35 చదరపు మీటర్ల గదీ 30 చదరపు మీటర్ల ఆటస్థలమూ కావాలని, బోధన మాతృభాషలో మూడు నాలుగు గంటలకు మించకుండా సాగాలని పేర్కొంది. ప్రైవేటు ప్లే స్కూళ్ల కోసం బాలల హక్కుల పరిరక్షణ జాతీయ కమిషన్ తయారుచేసిన మార్గదర్శకాలు గుర్తింపు తప్పనిసరి అని, మూడేళ్లు నిండనివారిని చేర్చుకోరాదని, పిల్లలపై చేయి చేసుకోరాదని, అగ్నిప్రమాద నివారణ ఏర్పాట్లూ సీసీ కెమెరాలూ ఉండాలని చెబుతాయి. ఈ ప్రమాణాల్లో తప్పుపట్టవలసింది పెద్దగా లేదు. అయితే విధానం అనేది ప్రభుత్వం తనకు తాను చెప్పుకున్న మాట మాత్రమే, కమిషన్‌కు ఉన్నదేమో సిఫారసు చేసే అధికారం. ఉల్లంఘించినవారిని ఎవరు, ఏ సెక్షన్ కింద నిలదీయాలన్న ప్రశ్నకు ఈ రెండింటిలోనూ గట్టి జవాబు దొరకదు. కాబట్టే అపార్ట్‌మెంట్ కింది అంతస్తులో రెండు ఫ్లాట్లు కలిపి, గోడలకు కార్టూన్ బొమ్మలు వేయించి తెరిచిన ప్లే స్కూలుకు చేతిలో వ్యాపార లైసెన్సు ఒకటి ఉంటే సరిపోతుందన్న నమ్మకం హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ విశాఖలోనూ స్థిరపడింది.

ప్రభుత్వమే నడిపే అంగన్‌వాడీల సంగతి వేరు. అక్కడ తనిఖీకి కొదవ లేదు. తనిఖీ దేనిమీద అన్నదే ప్రశ్న. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం నేడు ఆంధ్రప్రదేశ్‌లో 55,607, తెలంగాణలో 35,700 కేంద్రాలుగా విస్తరించింది. అదనపు పోషకాహారం, పూర్వ ప్రాథమిక విద్య, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, ఆస్పత్రులకు సిఫారసు, తల్లులకు ఆరోగ్య బోధన అనే ఆరు సేవలు ఒకే గది నుంచి, ఒక టీచరు, ఒక ఆయా చేతుల మీదుగా నడవాలి. సూపర్‌వైజర్ వచ్చిన రోజు ముందుగా తెరుచుకునేది స్టాకు రిజిస్టరు. బియ్యం, పప్పు, నూనె, గుడ్ల నిల్వ హాజరుతో సరిపోవాలి, బాలామృతం ప్యాకెట్ల లెక్క తేలాలి, బరువు తూచిన పిల్లల వివరాలు 2021లో వచ్చిన పోషణ్ ట్రాకర్ యాప్‌లోకి ఎక్కి ఉండాలి, సిగ్నల్ అందని ఊరైనా సరే. చేతులు కడుక్కునే సదుపాయం ఉందా అన్న ప్రశ్నకు ఉందనే జవాబు నమోదవుతుంది. ఆ కుళాయి మూడేళ్ల పిల్లకు అందే ఎత్తులో ఉందా, మరుగుదొడ్డి తాళం పిల్లలకు అవసరమైనప్పుడు తెరిచి ఉంటుందా అన్నది చూసే తీరిక అరుదు. చివరగా పిల్లలను వరుసగా కూర్చోబెట్టి ఒక గేయం పాడిస్తే చదువు సంగతి కూడా చూసినట్టే. ఇందులో సూపర్‌వైజర్ అలసత్వం కంటే వ్యవస్థ అడిగే లెక్క స్వభావమే ఎక్కువ: గుడ్డు పోతే ఆడిట్‌లో తెలుస్తుంది, గంటసేపు మాట్లాడించేవారు లేక పిల్లవాడు మౌనంగా కూర్చుంటే ఏ ఆడిట్‌కూ తెలియదు.

శిశు విద్యను అధ్యయనం చేసేవారు నాణ్యతను రెండుగా విడదీస్తారు. గది వైశాల్యం, పిల్లల నిష్పత్తి, టీచరు అర్హత, నీరు, మరుగుదొడ్డి వంటివి నిర్మాణపరమైన నాణ్యత కిందికి వస్తాయి. పెద్దవారు పిల్లలతో ఎలా మాట్లాడుతున్నారు, ప్రశ్న అడిగిన పిల్లకు జవాబు దొరుకుతోందా, ఆటకు సమయం ఉందా అన్నవి ప్రక్రియాపరమైన నాణ్యత. మొదటిది టేపుతో కొలవవచ్చు, రెండోదానికి శిక్షణ పొందిన పరిశీలకులు కొన్ని గంటలపాటు గదిలో కూర్చోవాలి. పిల్లల నేర్పును ఎక్కువగా నిర్ణయించేది రెండోదే. ఢిల్లీలోని అంబేడ్కర్ విశ్వవిద్యాలయం, అసర్ కేంద్రం కలిసి అస్సాం, రాజస్థాన్, తెలంగాణ గ్రామాల్లో నాలుగేళ్ల వయసున్న సుమారు 14 వేలమంది పిల్లలను ఎనిమిదేళ్లు వచ్చేవరకు వెంబడించి 2017లో వెలువరించిన అధ్యయనం ఒక చేదు నిజం బయటపెట్టింది: అయిదేళ్లు నిండేసరికి బడికి సిద్ధంగా ఉండవలసిన స్థాయికి చాలామంది చేరలేదు, వారు అంగన్‌వాడీకి వెళ్లినా ప్రైవేటు నర్సరీకి వెళ్లినా. అంగన్‌వాడీలో బోధనే అంతంతమాత్రం. ప్రైవేటు నర్సరీలో బోధన ఉన్నా అది ఆ వయసుకు తగనిది, అంటే పెన్సిలు పట్టడానికి వేళ్లు ఇంకా కుదరని వయసులో ఏబీసీడీలు దిద్దించడం, అంకెలు వల్లె వేయించడం. ఫీజు కట్టించుకునే నర్సరీలో నోట్‌బుక్కు నిండకపోతే తల్లిదండ్రులు ఊరుకోరన్నది యాజమాన్యాలు చెప్పే కారణం. ఆ కారణంలో నిజముంది, కానీ ప్రమాణాల అవసరం పుట్టేది సరిగ్గా అక్కడే; వినియోగదారుడి ఇష్టమే నాణ్యతకు కొలత అయ్యే రంగం ఇది కాదు, ఎందుకంటే ఇక్కడ అసలు వినియోగదారుడికి నాలుగేళ్లు.

ఇంతమాత్రాన గోడలు, మెట్లు, దారులు చూసే తనిఖీ చిన్నదని అనుకోనక్కర్లేదు. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో నర్సరీ, ప్రాథమిక, ఉన్నత తరగతులు ఒకే ఇరుకు భవనంలో నడిచిన బడిలో వంటశాల నుంచి తాటాకు కప్పుకు మంటలు అంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు. ఆ బడి రహస్యంగా నడిచింది కాదు, విద్యాశాఖ కళ్లముందే నడిచింది. 2014లో కింది కోర్టు శిక్షించినవారిలో ఆ శాఖ ఉద్యోగులు కూడా ఉన్నారు, అప్పీలులో హైకోర్టు తర్వాత ఆ తీర్పును కొంత మార్చింది. ఆ దుర్ఘటన దరిమిలా 2009లో అవినాశ్ మెహరోత్రా కేసులో సుప్రీంకోర్టు విద్యాహక్కులోనే సురక్షితమైన బడి హక్కు ఇమిడి ఉందని స్పష్టం చేసి, అగ్నిమాపక పరికరాలు, జాతీయ భవన నియమావళి పాటించాలని ఆదేశించింది. నిర్మాణ ప్రమాణాలు పిల్లల ప్రాణాలకు సంబంధించినవి గనుక వాటిలో సడలింపు ఉండరాదు. అవి కనీస అర్హత. అక్కడితో బడి మంచిదైపోయిందని సంతకం పెట్టడమే లోపం.

ప్రక్రియాపరమైన నాణ్యతకు ఏం కావాలో చెప్పడానికి మన పొరుగు రాష్ట్రంలోనే గట్టి సాక్ష్యం ఉంది. తమిళనాడులో 640 అంగన్‌వాడీలను తీసుకుని, అందులో సగం కేంద్రాలకు పూర్వ ప్రాథమిక బోధనకే పరిమితమైన ఒక అదనపు కార్యకర్తను సగం పూట పనికి ఇచ్చి చూసిన పరిశోధనలో, పిల్లలకు దక్కే బోధన సమయం దాదాపు రెట్టింపైంది, గణితంలోనూ భాషలోనూ వారి నేర్పు పెరిగింది. ఉన్న టీచరుకు పోషకాహార పనికి వెసులుబాటు దొరకడంతో ఎత్తు పెరగని పిల్లల సంఖ్య కూడా తగ్గింది. గానిమియన్, మురళీధరన్, వాల్టర్స్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు చేసిన ఈ ప్రయోగం తేల్చిన విషయం సూటిగా ఉంది: కొత్త నియమావళి, కొత్త యాప్, గోడకు ఎల్‌ఈడీ తెర కన్నా ముందు కావలసింది ఇంకొక మనిషి. కేంద్రం 2024లో విడుదల చేసిన ఆధారశిల పాఠ్యప్రణాళిక మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు వారంవారం చేయించవలసిన ఆటపాటలను చక్కగా విడమరిచింది. అయితే గర్భిణుల భోజనం, ఇంటింటి సర్వే, ముఖగుర్తింపు నమోదు, ఎన్నికల జాబితా పని మధ్య ఆ పుస్తకాన్ని తెరిచే గంట ఎక్కడ దొరుకుతుందో చెప్పలేదు.

ఆ గంటను ఇవ్వవలసినవారి స్థితిని విడిచి ప్రమాణాల గురించి మాట్లాడటం సగం మాటే. అంగన్‌వాడీ టీచరుకు నేటికీ ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వీరికి గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని తీర్పు చెప్పింది. 2023 డిసెంబరు 12 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 11,500 రూపాయలు అందుకుంటున్న టీచర్లు వేతన పెంపునూ అదే గ్రాట్యుటీనీ కోరుతూ 42 రోజులు సమ్మె చేయగా, ప్రభుత్వం అత్యవసర సేవల చట్టాన్ని, అంటే ఎస్మాను, వారిపై ప్రయోగించింది. సమ్మె కాలంలో అత్యవసరమైన సేవ మిగతా కాలంలో స్వచ్ఛంద సేవ ఎలా అవుతుందన్నది ఏ ప్రభుత్వమూ వివరించలేదు.

ప్రైవేటు కేంద్రాలపై కొరడా ఝళిపించడమే పరిష్కారమన్న వాదన కూడా సరైనది కాదు. 35 చదరపు మీటర్ల గది నిబంధనను రేపు ఉదయం నుంచే అక్షరాలా అమలు చేస్తే మొదట మూతపడేవి బస్తీల్లో తక్కువ ఫీజుతో నడిచే చిన్న కేంద్రాలు. అక్కడి పిల్లలు అంతకన్నా మంచి చోటికి వెళ్లరు, పనికి వెళ్లే తల్లి తాళం వేసిన ఇంట్లోనో, అక్క చంకలోనో ఉంటారు. ఆస్ట్రేలియా అనుభవం ఇక్కడ పనికొస్తుంది. 2012లో దేశమంతటికీ ఒకే జాతీయ నాణ్యతా చట్రం తెచ్చిన ఆ దేశం కేంద్రాలను పాస్, ఫెయిల్ అని రెండుగా విడదీయకుండా, ఏడు నాణ్యతా రంగాల్లో పరిశీలించి, తక్షణం చాలా మెరుగుపడాల్సినవి, ప్రమాణం దిశగా సాగుతున్నవి, అందుకున్నవి, మించినవి, అత్యుత్తమమైనవి అని అయిదు శ్రేణులు ఇస్తుంది. ఆ శ్రేణిని తల్లిదండ్రులకు కనిపించేలా కేంద్రంలో ప్రదర్శించి తీరాలి. మెల్‌బోర్న్, సిడ్నీల్లో పిల్లలను చైల్డ్‌కేర్‌లో చేర్చిన తెలుగు కుటుంబాలకు ఇది పరిచయమైన సంగతే. అక్కడ రెండేళ్లలోపు పిల్లలు నలుగురికి ఒకరు ఉండాలన్నది చట్టం. 58గా ఉన్న పరిశీలనాంశాలను 2018లో 40కి కుదించడం గమనించదగ్గది: పరిశీలనాంశాలు ఎక్కువైన కొద్దీ కేంద్రం పిల్లలను వదిలి ఫైళ్లను పెంచుతుందన్న గ్రహింపు ఆ మార్పులో కనిపిస్తుంది. ఆ వ్యవస్థ లోపరహితం కాదు. పిల్లల భద్రతకు సంబంధించిన దారుణాలు బయటపడి, భద్రతా ప్రమాణాలు పాటించని కేంద్రాలకు నిధులు నిలిపివేసే చట్టాన్ని 2025లో అక్కడి పార్లమెంటు ఆమోదించవలసి వచ్చింది. అయినా అక్కడ తప్పు జరిగినప్పుడు నిలదీయడానికి ఒక చట్టమూ ఒక అధికారీ ఉన్నారు.

మన దగ్గర మరో చిక్కు, అంగన్‌వాడీని నడిపే శాఖే దాన్ని తనిఖీ చేసి తనకు తాను మార్కులు వేసుకోవడం. నడిపేవారూ నియంత్రించేవారూ వేర్వేరుగా ఉండాలని 2020 జాతీయ విద్యావిధానం అంగీకరించి, పూర్వ ప్రాథమిక దశతో సహా ప్రభుత్వ, ప్రైవేటు సంస్థలన్నిటికీ ఒకే తీరున వర్తించే స్వతంత్ర రాష్ట్రస్థాయి ప్రమాణాల సంస్థను ప్రతిపాదించింది. అంతకు అయిదేళ్ల ముందే, 2015లో, లా కమిషన్ తన 259వ నివేదికలో ఆరేళ్లలోపు పిల్లల సంరక్షణను, విద్యను న్యాయస్థానంలో అడగదగిన హక్కుగా మార్చాలని, విద్యాహక్కు చట్టం 11వ సెక్షన్ ప్రభుత్వాల ఇష్టానికి వదిలిన పూర్వ ప్రాథమిక విద్యను తప్పనిసరి చేయాలని సిఫారసు చేసింది. కేంద్రం ఆ సవరణ తేలేదు. తెలుగు రాష్ట్రాలు అందుకోసం ఎదురుచూడనక్కర్లేదు. 1976 నుంచి విద్య ఉమ్మడి జాబితాలో ఉంది గనుక రెండు శాసనసభలూ పూర్వ ప్రాథమిక కేంద్రాల చట్టం చేసుకోవచ్చు. ఆ చట్టం ప్రైవేటు ప్లే స్కూళ్ల జరిమానాలతో మొదలుకాకూడదు. ప్రతి అంగన్‌వాడీకి బోధనకే ప్రత్యేకించిన రెండో టీచరును నియమించే బాధ్యతను, ఆ ఖర్చును ఏటా బడ్జెట్‌లో చూపించే నిబంధనను రెండు ప్రభుత్వాలూ ముందు తమ మీద విధించుకోవాలి.