మా ఇంటికి ఏడు మెట్లు

గృహప్రవేశం ఫొటోలు ఇన్‌స్టాలో పెడితే లైకులే లైకులు. "ఎలివేషన్ అదిరింది" అని ఒకటే కామెంట్లు. ఒక్క ఫొటో మాత్రం నేను పెట్టలేదు. అందులో బాబాయి, అన్నయ్య కలిసి మామ్మని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, చెరో వైపు పట్టుకుని మెట్లెక్కిస్తున్నారు. మామ్మ కళ్లు గట్టిగా మూసుకుని ఉంది.

ఆ రోజు అందరం నవ్వాం. "పల్లకీలో పెళ్లికూతుర్లా వస్తున్నావే" అని అత్త ఆటపట్టించింది కూడా. అలా పైకెక్కిన మామ్మ ఆ తర్వాత నాలుగు నెలలు వీధి మొహం చూడలేదు.

మాది పశ్చిమ గోదావరిలో ఒక చిన్న టౌన్. అన్నయ్యా, నేనూ హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేస్తున్నాం. ఇంటి లోన్ ఇద్దరి పేరు మీదా ఉంది. అంటే ఆ మెట్లకి నెలనెలా ఈఎంఐ కడుతున్నవాళ్లలో నేనూ ఒకదాన్ని.

అసలు ఏడు మెట్లు ఎందుకొచ్చాయో చెప్తాను. మీ ఊళ్లోనూ ఇదే కథ అయ్యుంటుంది.

పాతది పెంకుటిల్లు, ముందు అరుగు. నా చిన్నప్పుడు వీధిలోంచి అరుగెక్కడానికి రెండు మెట్లుండేవి. కంకర రోడ్డు మీద తారు వేశారు, ఒక మెట్టు పోయింది. కొన్నేళ్లకి ఆ తారు మీదే సిమెంటు రోడ్డు వేశారు, రెండోదీ పోయింది. దాని మీద ఇంకో పొర పడేసరికి వీధి, అరుగు సమానమైపోయాయి. వానొస్తే నీళ్లు నేరుగా వసారాలోకే. పాత రోడ్డుని గీకి తీసేసి కొత్తది వేస్తే ఎత్తు మారదు. అలా కాకుండా ఉన్నదాని మీదే వేసుకుంటూ పోతే, వేసిన ప్రతిసారీ వీధి కొంచెం పైకి, ఇల్లు కొంచెం కిందికి.

అందుకే కొత్తిల్లు మొదలుపెట్టినప్పుడు మేస్త్రి గట్టిగా చెప్పాడు. "మూడున్నర అడుగులు లేపండి. లేదంటే పదేళ్లకి మళ్లీ మునుగుతారు." ఆయన చెప్పింది నిజమే. మూడున్నర అడుగులంటే 42 అంగుళాలు. మెట్టుకి ఆరు అంగుళాల చొప్పున ఏడు మెట్లు. బేసి సంఖ్య కూడా కుదిరిందని నాన్న సంతోషపడ్డారు. టైల్స్ రంగు మీద మా వాట్సాప్ గ్రూప్‌లో రెండు వారాలు చర్చ జరిగింది. మెట్ల గురించి ఒక్క మెసేజ్ లేదు. 78 ఏళ్ల మామ్మని ఎవరం ఏమీ అడగలేదు. నేనూ అడగలేదు.

పాత ఇంట్లో పొద్దున్నే అరుగు మీద కూర్చునేది మామ్మ. కూరగాయల బండివాడితో బేరం, బడికెళ్లే పిల్లలకి హెచ్చరికలు, నాలుగిళ్ల అవతల రామాలయం. ఎదురింటి పెద్దావిడ ఆమెకి వరసకి వదిన. సాయంత్రమైతే ఇద్దరూ ఆ అరుగు మీదే. కొత్తింట్లో అరుగు లేదు. స్టీల్ రెయిలింగ్, గ్లాసుతో సిటౌట్ ఉంది. ఎదురింటావిడ ఏడు మెట్లు ఎక్కలేదు. మామ్మ ఏడు మెట్లు దిగలేదు.

దసరాకి ఇంటికెళ్లినప్పుడు అడిగాను. "సిటౌట్‌లో కూర్చోవచ్చుగా మామ్మా, వీధంతా కనిపిస్తుంది కదా?"

"కనిపిస్తారే అమ్మడూ. మాటే అందదు. అరవాలి. అరిచి చెప్పుకునే కబుర్లు ఏముంటాయే?"

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటినుంచి ఎక్కడికెళ్లినా మెట్లు లెక్కపెట్టడం అలవాటైంది.

మన రాష్ట్రాల్లో ముసలితనం అనుకున్నదానికంటే వేగంగా వస్తోంది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో మహిళకి సగటున పుట్టే పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. జనాభా తగ్గకుండా నిలబడాలంటే 2.1 ఉండాలి. అంటే మన తరంలో ఒకరిద్దరు పిల్లలు ఇద్దరు పెద్దవాళ్లని చూసుకోవాలి. ఆ ఒకరిద్దరూ మాదాపూర్‌లోనో డాలస్‌లోనో ఉంటారు. చివరికి ఊళ్లో పెద్దవాళ్లని రోజూ చూసుకునేది ఆ ఇల్లే. ఇల్లు సరిగ్గా లేకపోతే చూసుకునేవాళ్లు లేనట్టే.

మరి మనం ఎలాంటి ఇళ్లు కడుతున్నాం? ఏపీలో టిడ్కో ఇళ్లు చూడండి. 300, 365, 430 చదరపు అడుగుల ఫ్లాట్లు, జీ ప్లస్ త్రీ బ్లాకులు. అద్దెలు కట్టలేక నలిగిపోయిన కుటుంబాలకి అది సొంత గూడు. దాని విలువని తక్కువ చేయను. పట్టణాల పీఎం ఆవాస్ పథకం మార్గదర్శకాల్లో ఒక మంచి మాట కూడా ఉంది. ఫ్లాట్లు కేటాయించేటప్పుడు వృద్ధులు, దివ్యాంగులు ఉన్న కుటుంబాలకి వీలైతే కింది అంతస్తుల్లో ప్రాధాన్యం ఇవ్వాలని. బావుంది. కానీ కేటాయింపు ఒక్కసారే జరుగుతుంది. వయసు మాత్రం ఆగదు కదా! 45 ఏళ్లకి మూడో అంతస్తులో తాళాలు అందుకున్నావిడకి ఇరవై ఏళ్ల తర్వాత 65 వస్తుంది. ఆ అంతస్తుల భవనాల్లో మామూలుగా లిఫ్ట్ కూడా అరుదే. అప్పుడు కింది ఫ్లాట్‌తో మార్చుకునే దారి ఉందా? ఈ ప్రశ్న ఇప్పుడే అడగాలి.

ఏపీ పట్టణాల్లో పేదలకి ఇచ్చిన సెంటు స్థలాలదీ వేరే లెక్క. సెంటు అంటే 48 గజాల పైచిలుకు, సుమారు 435 చదరపు అడుగులు. అంతా నేల మీద ఇల్లే కాబట్టి అంతస్తుల బాధ లేదు. కానీ కాలనీ రోడ్డు కంటే రెండడుగులు ఎత్తు లేపితే నాలుగు మెట్లు తప్పవు. వీల్‌చైర్ వెళ్లే ర్యాంపుకి దేశమంతా వాడే కొలత 1:12. అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు. రెండడుగులకి 24 అడుగులు. సెంటు స్థలం చతురస్రంగా ఉందనుకుంటే దాని భుజమే సుమారు 21 అడుగులు! ఇంటికంటే ర్యాంపే పొడవు. అలాంటి చోట పరిష్కారం ఇంట్లో లేదు, రోడ్డులో ఉంది. రోడ్డు ఎత్తు పెంచకుండా, డ్రెయిన్ సరిగ్గా కడితే ఇంటిని అంత లేపాల్సిన పనే ఉండదు.

తెలంగాణలో ఇందిరమ్మ ఇళ్లకి ప్రభుత్వం 5 లక్షల రూపాయలు ఇస్తోంది. కనీసం 400 చదరపు అడుగులు ఉండాలి. సొంత స్థలం ఉన్నవాళ్లు తామే కట్టుకుంటారు. నాకు ఇక్కడో అవకాశం కనిపిస్తోంది. ప్లాన్ కుటుంబం చేతిలోనే ఉంటుంది కాబట్టి పునాది పోయకముందే బాత్రూమ్ తలుపు వెడల్పు, గడప ఎత్తు తేల్చుకోవచ్చు. బాత్రూమ్‌కి మామూలుగా పెట్టేది రెండున్నర అడుగుల తలుపు. దాన్ని మూడడుగులు చేస్తే వీల్‌చైర్ వెళ్తుంది. కట్టేటప్పుడు ఆ అరడుగు ఖర్చు పెద్దదేం కాదు. కట్టాక అయితే గోడ పగలగొట్టాలి.

"ఇదంతా ఎందుకు, పెద్దవాళ్ల కోసమే కట్టిన ఇళ్లున్నాయిగా?" అంటారేమో. అన్నయ్య కూడా అదే అన్నాడు. ఇద్దరం హైదరాబాద్ శివార్లలో ఒకటి చూసొచ్చాం. ఊరికే పేరు పెట్టను, నిజంగానే బాగుంది. జారని నేల, గోడకి పట్టుకునే రాడ్లు, మంచం పక్కన అలారం బటన్, పిలిస్తే నర్సు. ఇలాంటి ఇళ్లు ఎలా ఉండాలో కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల శాఖ 2019లోనే నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది. డిపాజిట్ ఎంతో విన్నాక మాత్రం తిరుగు దారిలో ఇద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు.

మామ్మకి ఫోన్‌లో వీడియో చూపించాను. శ్రద్ధగా చివరిదాకా చూసింది. "శుభ్రంగా ఉందే. హోటల్లా ఉంది. అక్కడ నేనెవరో ఎవరికి తెలుసు?" అంది.

ఏమీ లేని పెద్దవాళ్ల కోసం 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలో ఒక సెక్షన్ ఉంది. జిల్లాకి కనీసం ఒకటి చొప్పున, 150 మంది ఉండగలిగే వృద్ధాశ్రమాలు ప్రభుత్వాలు ఏర్పాటు చేయొచ్చని. అది ఎవరూ లేనివాళ్లకి. డిపాజిట్ కట్టగలిగినవాళ్లకి సిటీలో సీనియర్ లివింగ్. ఈ రెండింటి మధ్యలో మామ్మలాంటివాళ్లు ఎందరో! మనుషులున్నారు, ఇల్లుంది, ఊరు వదలడం ఇష్టం లేదు. వాళ్ల కోసం మా టౌన్‌లో ఎవరూ ఏమీ కట్టడం లేదు. రామాలయానికి, ఆస్పత్రికి నడిచే దూరంలో, కింది అంతస్తులో చిన్న చిన్న ఫ్లాట్లు, పక్కనే అందరూ కూర్చునే ఒక అరుగు. చాలా ఊళ్లలో ఓనర్లే మేడ మీద ఉండి, కింది పోర్షన్ అద్దెకిస్తారు. అరవై దాటిన ఓనర్లు దాన్ని తిరగేసినా సగం సమస్య తీరుతుంది.

ఇక మా ఇంటి సంగతి. మూడున్నర అడుగులకి 42 అడుగుల ర్యాంపు కావాలి. మా స్థలం పొడవే 45 అడుగులు. అన్నయ్య ముందు ఒప్పుకోలేదు. "కొత్తింటికి ఆస్పత్రి లుక్ వస్తుంది" అన్నాడు. తర్వాత తనే టేపు పట్టుకుని కొలిచాడు. వెనక తలుపు దగ్గర మొదలుపెట్టి, ఉత్తరం వైపు సందులోంచి తూర్పు గేటు దాకా తెస్తే 38 అడుగులు వచ్చింది. అంటే అడుగుకి పన్నెండు బదులు పదకొండు కంటే కాస్త తక్కువ. కొంచెం వాలు ఎక్కువే. అందుకే పక్కన రెయిలింగ్ వేయించాం, మామ్మ దిగేటప్పుడు వెనక ఒకరు ఉండాలని నియమం పెట్టుకున్నాం. వాస్తు అంటారేమోనని భయపడ్డాం. ఈశాన్యం పల్లంగా ఉండాలట, ర్యాంపు దిగేది అటువైపే. బతికిపోయాం! ముందు గ్లాసు ఎలివేషన్‌కి అయినంత కూడా దీనికి కాలేదు. సందులో అమ్మ పెంచుకున్న మల్లె పందిరి మాత్రం పోయింది. దాని గురించి అమ్మ ఇప్పటికీ అంటూనే ఉంటుంది.

ఇది చదువుతున్న మీలో చాలామంది రేపో మాపో ఇంటి లోన్ కాగితాల మీద సంతకం పెడతారు. ఊళ్లో అమ్మానాన్నల కోసమో, మీ కోసమో. ప్లాన్ చేతికి రాగానే ఎలివేషన్ కంటే ముందు మూడు చూడండి. వీధి నుంచి హాల్లోకి ఎన్ని మెట్లు? కింది అంతస్తులో ఒక పడక గది, దానికి దగ్గర్లో మూడడుగుల తలుపున్న బాత్రూమ్ ఉన్నాయా? తడిస్తే జారని టైల్సేనా? వీధిలో కొత్త రోడ్డుకి కంకర దిగుతుంటే వార్డు కౌన్సిలర్‌ని ఒక్క మాట అడగండి, పాతది గీకి వేస్తున్నారా అని. నలుగురు కలిసి అడిగితే ఇంకా మంచిది. పెద్దవాళ్లు ఇల్లు మీ పేరున రాస్తానంటే, బాగా చూసుకోవాలన్న షరతు దస్తావేజులో రాయించమని మీరే చెప్పండి. షరతు ఉండి, పిల్లలు మాట తప్పితే ఆ బదిలీని రద్దు చేయించుకునే వీలు 2007 చట్టంలోనే ఉంది. పెద్దవాళ్ల ఇబ్బందులకి 14567 అనే ఎల్డర్‌లైన్ నంబరుంది, సేవ్ చేసుకోండి.

కిందటి వారం వీడియో కాల్ చేస్తే మామ్మ ఫోన్ ఎత్తలేదు. అమ్మకి చేశాను. అమ్మ ఫోన్‌ని గేటు వైపు తిప్పింది. ర్యాంపు చివర రెండు ప్లాస్టిక్ కుర్చీలు. ఒకదాంట్లో మామ్మ, ఇంకోదాంట్లో ఎదురింటావిడ. ఏం మాట్లాడుకుంటున్నారో వినపడలేదు. ఇద్దరూ మెల్లగానే మాట్లాడుకుంటున్నారు.

"మామ్మకి ఇవ్వనా?" అంది అమ్మ.

"వద్దులే, తర్వాత చేస్తా" అన్నాను.