ఇంగ్లీషు సాహిత్య పరీక్షలు: ఎవరి ప్రయోజనం కోసం?

ఇంగ్లీషు సాహిత్యం చదివితే విద్యార్థి మనసు విశాలమవుతుందని మన విద్యావేత్తలు తరచు సెలవిస్తుంటారు. సాహిత్యం మనసును విశాలం చేస్తుందన్న మాటలో నాకు సందేహం లేదు. మన విద్యార్థులు చదువుతున్నది సాహిత్యమేనా అన్నదే నా సందేహం.

నేను కొండాపూర్‌లో కాపురముంటున్నాను. ఇంగ్లీషు చెప్పటం నా వృత్తి. ఏటా జనవరి నుంచి మార్చి దాకా చుట్టుపక్కల అపార్టుమెంట్ల పిల్లలు పన్నెండో తరగతి ఇంగ్లీషు పుస్తకం పట్టుకొని నా దగ్గరికి వస్తుంటారు. వాళ్ళలో తెలివితక్కువ వాళ్ళు లేరు, సోమరులు అసలే లేరు. అయినా, కథ నీకెలా అనిపించిందని అడిగితే తెల్లబోతారు. "ఇందులో ఇంపార్టెంట్ ప్రశ్నలేమిటి సార్?" అన్నదొక్కటే వాళ్ళకు కావలసింది. ఇందుకు వాళ్ళను నిందించటం అన్యాయం. ఆ మాట వాళ్ళ చేత అనిపిస్తున్నది పరీక్ష.

పరీక్ష స్వరూపం చూద్దాం. సి.బి.ఎస్.ఇ. పన్నెండో తరగతి ఇంగ్లీషు రాతపరీక్షకు 80 మార్కులు. అందులో సాహిత్యానికి 40. రెండు మార్కుల ప్రశ్నకు 40 నుంచి 50 మాటల్లో జవాబు రాయాలి. ఐదు మార్కుల ప్రశ్నకు 120 నుంచి 150 మాటల్లో రాయాలి. దిద్దేవారి చేతిలో మార్కుల పథకం వుంటుంది. జవాబులో ఏ యే అంశాలు కనపడాలో, అంటే మన అధ్యాపకుల భాషలో "వాల్యూ పాయింట్లు", అందులో రాసి వుంటాయి. ఆ పాయింట్లను గైడులు ముందే వండి వార్చి పెడతాయి. ట్యూషన్ కేంద్రాలు వాటిని ముద్దలు చేసి తినిపిస్తాయి. విద్యార్థి చేయవలసిందల్లా మింగి, మూడు గంటలపాటు కక్కటం. ఈ మొత్తం వ్యవహారంలో కథ చదవవలసిన అవసరం ఎక్కడా తగలదు.

"ఫ్లెమింగో" అనే పాఠ్యపుస్తకం 2007లో మొదటిసారి అచ్చయింది. అందులో మొదటి పాఠం ఫ్రెంచి రచయిత అల్ఫోన్స్ దోదే రాసిన "ది లాస్ట్ లెసన్". 1870–71 యుద్ధంలో ప్రష్యా గెలిచి ఆల్సేస్‌ను, లొరేన్‌లో కొంత భాగాన్ని కలుపుకొన్నది. ఇకమీదట బడుల్లో జర్మన్ మాత్రమే చెప్పాలని బెర్లిన్ నుంచి ఉత్తర్వు వస్తుంది. ఒక పల్లెటూరి బడిపంతులు ఆఖరిసారి ఫ్రెంచి పాఠం చెబుతాడు. పరభాషా పెత్తనం మీద రాసిన కథను మన పిల్లలు పరభాషలో బట్టీ పట్టి మార్కులు తెచ్చుకుంటున్నారు. ఇందులోని విడ్డూరం ప్రశ్నపత్రం తయారుచేసే వారికి తట్టినట్టు లేదు.

ఆ కథను తరగతిలో నిజంగా చదివితే ఏమవుతుంది? మొదట మన చరిత్ర గుర్తుకొస్తుంది. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధని ప్రాంగణంలో సంఘసంస్కరణ సభ జరిగింది. ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభికులు గేలిచేసి మాట్లాడనివ్వలేదు. ఆ అవమానంలోంచి ఆంధ్ర జనసంఘం పుట్టింది. అదే పెరిగి ఆంధ్ర మహాసభ అయింది. తెలంగాణా రైతాంగ పోరాటానికి దారి వేసింది ఆ మహాసభే. ఇది జరిగిన నగరంలోనే ఆ పిల్లలు దోదే కథ చదువుతున్నారు. కాని దోదేకూ వెంకటరామారావుకూ వున్న చుట్టరికం గురించి రాస్తే ఏ మార్కుల పథకంలోనూ దానికి చోటు లేదు.

రెండోది, కథనే ప్రశ్నించవలసి వస్తుంది. దోదే ఫ్రెంచి భాషను ఆల్సేస్ ప్రజల సొంత భాషగా చిత్రించాడు. వాస్తవానికి అక్కడి సామాన్యుల్లో అత్యధికులు ఇళ్ళలో మాట్లాడుకున్నది జర్మన్ కుదురుకు చెందిన మాండలికం. బెర్లిన్ ఉత్తర్వు పెత్తనమే. మరి అంతకుముందు పారిస్ నుంచి వచ్చిన ఫ్రెంచి చదువో? దేశభక్తి కథ ఏ మాటలు చెబుతుందో, ఏ మాటలు దాస్తుందో తెలుసుకోవటానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఈ ప్రశ్న వేసిన విద్యార్థి సాహిత్య విమర్శ నేర్చుకున్నట్టు. కాని పరీక్షలో ఈ ప్రశ్న వేస్తే ఆ విద్యార్థి మార్కులు పోగొట్టుకున్నట్టే! "మాతృభాషాభిమానం" అన్న పాయింటు రాసినవాడికి పూర్తి మార్కులు. అది ఎవరి మాతృభాష అని అడిగినవాడికి సున్న.

ఆ పుస్తకంలో రెండో పాఠం "లాస్ట్ స్ప్రింగ్". చెత్త ఏరుకునే పిల్లల గురించి, ఫిరోజాబాద్ గాజుల కొలుముల దగ్గర కళ్ళు పోగొట్టుకునే పిల్లల గురించి అనీస్ జంగ్ రాసిన వ్యాసం అది. ఆమె పుట్టింది రూర్కెలాలోనైనా, పెరిగిందీ చదువుకున్నదీ హైదరాబాదులో. ఈ వ్యాసం పరీక్ష కోసం చదివే విద్యార్థి తన కిటికీ తెరిస్తే చాలు. కొత్తగూడ నుంచి హఫీజ్‌పేట దాకా తెల్లవారుజామున గోతాలు భుజాన వేసుకొని తిరిగే మనుషులు కనపడతారు. అతని అపార్టుమెంటుకు ఇటికలు మోసిన వాళ్ళు, గేటు దగ్గర కాపలా కాసే వాళ్ళు, వంటింట్లో గిన్నెలు తోమే వాళ్ళు, వీళ్ళ పిల్లలు ఎక్కడ చదువుతున్నారు? ఎందరు చదువు మానేశారు? ఈ వ్యాసం అడిగే ప్రశ్న ఇదే. పరీక్ష మాత్రం "బాల్యం కోల్పోవటానికి మూడు కారణాలు రాయుము" అంటుంది. విద్యార్థి మూడు కారణాలూ రాస్తాడు. పనిమనిషి కూతురి పేరు అతనికి తెలియదు. దారిద్ర్యం గురించి ఐదు మార్కులకు సరిపడా తెలుసు. దరిద్రుల గురించి ఏమీ తెలియదు.

ఇది పొరపాటున జరుగుతున్నదని నేననుకోను. ఈ పరీక్షకు పూర్వచరిత్ర వున్నది. 1835లో మెకాలే నివేదిక, 1844లో హార్డింజి తీర్మానం వచ్చాయి. ఇంగ్లీషు చదువుకున్న వాళ్ళకే ప్రభుత్వోద్యోగాల్లో ప్రాధాన్యమని ఆ తీర్మానం ప్రకటించింది. 1854లో మెకాలే కమిటీ సివిల్ సర్వీసు పోటీపరీక్షకు మొత్తం 6875 మార్కులు ప్రతిపాదించి, ఇంగ్లీషు భాషా సాహిత్య చరిత్రలకు 1500 కేటాయించింది. సంస్కృతానికి 375, అరబ్బీకి 375. తెలుగు ఊసే లేదు. ఇంగ్లీషు సాహిత్యం సొంత దేశంలో విశ్వవిద్యాలయ పాఠ్యవిషయంగా స్థిరపడకముందే వలస దేశంలో స్థిరపడిందని గౌరీ విశ్వనాథన్ 1989లో వెలువరించిన గ్రంథంలో సవిస్తరంగా చూపించారు. ఆక్స్‌ఫర్డ్‌లో ఇంగ్లీషు శాఖ ఏర్పడింది 1890లలో! అంటే మన దేశంలో ఈ సాహిత్యం రసాస్వాదన కోసం రాలేదు, జల్లెడగా వచ్చింది. జల్లెడ పట్టేవాడికి గింజ రుచితో పని లేదు. ఆనాడు జల్లెడలోంచి దిగినవాడు కలెక్టరు కచేరీలో గుమాస్తా. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ లేచిన తరువాత కచేరీ మారింది. జల్లెడ మారలేదు.

నాకు వచ్చే అభ్యంతరాలు తెలుసు. ఇంగ్లీషు లేకపోతే ఉద్యోగం రాదు గదా అంటారు. నిజమే. కాని ఉద్యోగానికి కావలసింది ఇంగ్లీషులో ఆలోచించి నాలుగు మాటలు చెప్పగల శక్తి. గైడులోని 150 మాటల జవాబు ఆ శక్తిని ఇవ్వదు, వున్నదాన్ని చంపుతుంది. కేంబ్రిడ్జి వంటి అంతర్జాతీయ బోర్డుల్లో విద్యార్థి సొంత స్పందన అడుగుతారు గదా అంటారు. అడుగుతారు, అది మంచిదే. ఐతే ఆ బడుల ఫీజు కట్టగలిగే వాళ్ళెందరు? సొంత ఆలోచన డబ్బున్నవాడికి, బట్టీ మిగిలిన వాళ్ళకు అన్న విభజన పరిష్కారం కాదు, అదే రోగం.

ఇంకో అభ్యంతరం మనవాళ్ళ నుంచే వస్తుంది. ఈ ఇంగ్లీషు సాహిత్యాన్ని మొత్తంగా అవతల పారేయమంటారు వాళ్ళు. ఇది కూడా తప్పే. వీరేశలింగం గోల్డ్‌స్మిత్ నవల చదివాడు గనకనే "రాజశేఖర చరిత్రము" వచ్చింది. ఆయన గోల్డ్‌స్మిత్‌ను అప్పజెప్పలేదు, ఆ నవలను గోదావరి తీరానికి లాక్కొచ్చాడు. విజయనగరం కాలేజీలో ఇంగ్లీషు చెప్పిన గురజాడ ఆ చదువులోని రెండు ముఖాలూ చూశాడు. "కన్యాశుల్కం"లో గిరీశం శిష్యుణ్ణి షేక్స్‌పియర్ అని పిలుస్తాడు. గురుశిష్యులిద్దరూ బట్టీ పట్టిన ముక్కలు ఇంగ్లీషు సంభాషణలాగా ఒప్పజెబుతారు. తల్లి విని మురిసిపోతుంది. అర్థం అక్కర్లేని ఇంగ్లీషు, దానికి చెల్లే గౌరవం: మన పరీక్షావిధానాన్ని ఆ ఒక్క సన్నివేశంలో గురజాడ బట్టబయలు చేశాడు. మన విద్యాశాఖలు వీరేశలింగం దారి వదిలి గిరీశం దారి పట్టాయి.

అందుచేత మన పోరాటం షేక్స్‌పియర్ మీద కాదు, దోదే మీద కాదు. పోరాటం ఆ మార్కుల పథకం మీద. మనం కోరవలసినవి స్పష్టంగా వున్నాయి. సాహిత్యం మార్కుల్లో సగమైనా విద్యార్థి అంతకుముందు చూడని రచన మీద వుండాలి. అప్పుడు గైడుకు పని వుండదు. పాఠ్యపుస్తకాన్ని పరీక్ష హాలులోకి తీసుకుపోనివ్వాలి. సి.బి.ఎస్.ఇ. ఇటువంటి ప్రయోగం 2014లో మొదలుపెట్టి నాలుగేళ్ళలోనే వదిలేసింది. 2025లో తొమ్మిదో తరగతికి తిరిగి తేవాలని నిర్ణయించింది. దాన్ని తొమ్మిదితోనే ఆగనివ్వగూడదు. ఇంగ్లీషు పాఠాన్ని తెలుగులో చర్చించే హక్కు తరగతిలో వుండాలి. పదో తరగతి దాకా అన్ని బోర్డుల బడుల్లోనూ తెలుగు చెప్పి తీరాలని 2018లో తెలంగాణా ప్రభుత్వం చట్టం చేసింది. ఆ తెలుగును ఇంకో బట్టీ సబ్జెక్టుగా మిగల్చకుండా, ఇంగ్లీషు పాఠం పక్కన కూర్చోబెట్టాలి.

ప్రభుత్వాలు ఇవి చేసేదాకా అధ్యాపకులు చేతులు కట్టుకొని కూర్చోనక్కర్లేదు. లక్షల జవాబు పత్రాలు ఒకే కొలతతో దిద్దాలి గనక పథకం తప్పదని వాదించే వారుంటారు. దిద్దటంలో తప్పదేమో, చెప్పటంలో ఎందుకు తప్పదు? రేపు తరగతిలోకి వెళ్ళి పుస్తకం తెరవండి. ప్రశ్నలు పక్కన పెట్టి, కథను మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా పైకి చదవండి. చదివాక, ఇది నిజమేనా, ఎవరికి నిజం అని అడగండి. విద్యార్థులారా, మీ అధ్యాపకుడు అడగకపోతే మీరే అడగండి. ఆ ప్రశ్నకు మార్కులు రావు. కాని అది అడగటం నేర్చిన తరం గైడు రాసినవాడి మాటా వినదు, గైడు అవసరమయ్యేలా చదువును నడిపే వాళ్ళ మాటా వినదు. మన పాలకులకు భయం అందుకే.