కర్నూలు, కడపలో ఎంటీబీ కొంటున్నారా? గేర్లు కాదు, ముందు టైర్లు చూడండి

మెగాపిక్సెల్స్ చూసి ఫోన్ కొనడం దాదాపు మానేశాం. సైకిల్ దగ్గరికి వచ్చేసరికి మళ్లీ అదే తప్పు చేస్తున్నాం. "21 గేర్లు, డబుల్ షాక్, డబుల్ డిస్క్" అని కనిపిస్తే చాలు, ఆర్డర్ పెట్టేస్తాం. నేనూ అలాగే కొన్నాను.

మొదటి వారం కొండారెడ్డి బురుజు చుట్టుపక్కల వీధుల్లో బాగానే తిరిగింది. ఆదివారం పొద్దున కేసీ కాలువ గట్టు ఎక్కించాను. గంటలోపే రెండు టైర్లలోనూ గాలి దిగిపోయింది. పల్లేరు కాయలు! పంపు లేదు, ప్యాచ్ లేదు. ఆరు కిలోమీటర్లు ఎండలో తోసుకుంటూ వచ్చాను. పంక్చర్ షాపు పెద్దాయన ట్యూబును నీళ్లలో ముంచి, "ఏమప్పా, కంపల్లో తిప్పినావా? షాకులు ఎన్నుంటే ఏం లాభం, ముల్లు ఆగదు కదా" అన్నాడు. నేను చదివిన ఏ రివ్యూలోనూ ఈ మాట లేదు.

వెనక షాక్ వద్దు

మనలో చాలామంది వారమంతా ఆఫీసుకో, కాలేజీకో తొక్కుతాం. ఆదివారం వస్తే జగన్నాథగట్టు, ఓర్వకల్లు రూటు, సెలవు దొరికితే గండికోట. కేసీ కాలువైతే సుంకేసుల దగ్గర మొదలై కడప జిల్లా దాకా సుమారు 300 కిలోమీటర్లు. కడప పక్కన పాలకొండలు ఊరిస్తాయి కానీ అది ఎర్రచందనం పెరిగే అడవి, అనుమతి లేకుండా లోపలికి వెళ్లొద్దు.

వీటికి ముందు షాక్ మాత్రమే ఉన్న హార్డ్‌టెయిల్ చాలు. తక్కువ ధర సైకిళ్లలో వెనక షాక్ బరువు పెంచుతుంది, తొక్కే బలాన్ని కొంత మింగేస్తుంది. పనికొచ్చే ఫుల్ సస్పెన్షన్ కావాలంటే ధర లక్ష దాటుతుంది. ముందు షాక్‌కు లాకౌట్ ఉంటే ఇంకా మంచిది. తార్రోడ్డు మీద లాక్ చేసుకోవచ్చు, మట్టిబాటలో తీసేయొచ్చు.

అసలు డబ్బు టైర్ల మీద

వెడల్పు 2 అంగుళాలకు కాస్త అటూఇటూ, మధ్యలో చిన్న గుబ్బలు, అంచుల్లో పెద్దవి ఉన్న టైరు మనకు సరిపోతుంది. మరీ పెద్ద గుబ్బలైతే టౌన్‌లో బరువుగా లాగుతుంది. ట్యూబులో సీలెంట్ పోయించండి. పల్లేరు ముల్లంత చిన్న రంధ్రాలను చాలావరకు అదే మూసేస్తుంది. వాల్వ్ మోటార్ సైకిల్‌కు ఉండే రకమే అయితే పెట్రోల్ బంకులో కూడా గాలి కొట్టించుకోవచ్చు. గాలి ఎంత ఉండాలో టైరు పక్కనే రాసి ఉంటుంది. అంతకంటే తగ్గిస్తే రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగిపోతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి: 26, 27.5, 29 అంగుళాల్లో ఏది కొనాలన్నా ముందు మీ వీధి షాపులో ఆ సైజు ట్యూబు దొరుకుతుందో అడగండి. దొరక్కపోతే రెండు ట్యూబులు ఎక్కువ తెప్పించి పెట్టుకోండి.

బ్రేకులు, గేర్లు

హైడ్రాలిక్ డిస్క్ వేలికి మెత్తగా ఉంటుంది, నిజమే. కానీ దాంట్లో ఆయిల్ మార్చే మెకానిక్ దగ్గర్లో ఉన్నాడా? లేకపోతే కేబుల్‌తో పనిచేసే మెకానికల్ డిస్క్ తీసుకోండి. రిమ్ బ్రేకులు మాత్రం వద్దు. వానకు తడిసిన నల్లరేగడి వాటిలో ఇరుక్కుంటే చక్రమే తిరగదు.

21 గేర్లలో చాలావరకు ఒకదానికొకటి దగ్గరగానే ఉంటాయి. గట్టు ఎక్కడానికి ఒక తేలికైన గేరు ఉందా లేదా అన్నదే చూడండి. గేర్ల సంఖ్య కంటే ఫ్రేమ్ మీద రెండు బాటిళ్లు బిగించే చోటు ఉందా అన్నది నాకు ముఖ్యం. మే నెలలో మన ఎండకు ఒక బాటిల్ ఏ మూలకూ చాలదు.

నా లెక్క

25 వేలు బడ్జెట్ అయితే సైకిల్‌కు 20 వేలు దాటనివ్వొద్దు. మిగతాది హెల్మెట్, పంపు, ప్యాచ్ కిట్, సీలెంట్‌కు. మట్టిబాట ఎప్పుడో ఏడాదికి రెండుసార్లే అనుకుంటే ఎంటీబీ కూడా అక్కర్లేదు, హైబ్రిడ్ చాలు.

నా డబుల్ షాక్ సైకిల్ ఇప్పుడు మిద్దె మీద పడి ఉంది. హార్డ్‌టెయిల్‌తో అదే కాలువ గట్టు మీద తిరుగుతున్నా. ముళ్లు ఇప్పటికీ గుచ్చుకుంటాయి. కాకపోతే ఇంటికి తొక్కుకుంటూనే వస్తున్నా.